పెళ్లి గుర్రానికి ఆశ్రయం కావలెను

పశువుల డాక్టరుగా కొత్తగా ఉద్యోగంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు జనగామలో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, కాసేపు మొహమాటపడి, "మేడం, ఫీల్డ్‌లో అన్నిటికన్నా ఏది కష్టం?" అని అడుగుతారు. అడ్డం తిరిగిన దూడను బయటికి లాగడం గురించో, గాలికుంటు వచ్చిన ఏడాది ఊరూరా తిరిగి టీకాలు వేయడం గురించో చెబుతానని వాళ్ల ఆశ. అవీ కష్టమే. కానీ చెయ్యి తిరిగితే వస్తాయి. సర్వీసు పూర్తయ్యేదాకా నన్ను నిజంగా పరేషాన్ చేసింది ఒక్కటే: యజమాని లేని పేషెంటు.

కాలేజీలో మాకు ఆవుకు, బర్రెకు, మేకకు, కోడికి వచ్చే రోగాలన్నీ చెప్పారు. ప్రతి పాఠం చివర "యజమానికి తగిన సూచనలు ఇవ్వాలి" అని ఉండేది. ఆ యజమాని తాడు విప్పేసి, మన గేటు ముందు దించేసి, బండి తిప్పుకుని వెళ్లిపోతే సూచనలు ఎవరికివ్వాలో ఏ పాఠంలోనూ లేదు. ఉద్యోగంలో చేరాక నాకు తట్టిన జవాబు, జంతు సేవా సంస్థలకు ఫోన్ చేయడం. ఆ ఫోన్ల సంగతే ఇక్కడ రాస్తున్నాను. వాళ్లు చెడ్డవాళ్లని రాయడం లేదు. చాలా మంచివాళ్లు. నాకొచ్చిన తిప్పలన్నీ ఆ మంచితనం వల్లనే వచ్చాయి.

నర్మెట్టలో మొదటి ఫోను

నర్మెట్టలో పనిచేస్తున్నప్పుడు ఒక పొద్దున దవాఖాన తలుపు తీసేసరికి వరండాలో దూడ ఉంది. పుట్టి వారం కూడా అయినట్టు లేదు. జెర్సీ సంకరం, పైగా కోడెదూడ. పాడి రైతుకు అలాంటిది పుడితే ఇంట్లో ఎవరి ముఖంలోనూ నవ్వు ఉండదు. పాలివ్వదు, ఎండలో దుక్కికి నిలవదని అంటారు. అందుకని నా వరండాకు వచ్చింది.

ఎవరో చెప్తే ఒక గోశాలకు ఫోన్ చేశాను. అవతల మాట్లాడినాయన గొంతులో తేనె ఉంది.

"చాలా పుణ్యకార్యం చేస్తున్నారమ్మా. ఆవుదూడేనా?"

"ఆవుదూడనే సార్. కోడె."

"దేశవాళీనా అమ్మా?"

"కాదు, జెర్సీ కలిసింది."

"ఓహో. అంటే, మా దగ్గర గోమాతలే ఉంటాయమ్మా."

"దీని తల్లి కూడ గోమాతనే గద సార్!"

"అయితే తల్లిని పంపండి, తీసుకుంటాం."

తల్లి రెండు పూటలా నిండుగా పాలిస్తున్నంత కాలం దాన్ని ఎవరు పంపుతారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ దూడకు దవాఖాన వెనుక చెట్టుకింద సీసాతో పాలు పట్టి పెంచాం. కాస్త గట్టిపడ్డాక బండి ఉన్న ఒక రైతు జతకు పనికొస్తుందని తోలుకుపోయాడు. ఎండలో నిలవదన్న కోడె ఆయన బండికి చాలా ఏళ్లు నిలిచింది.

కేసముద్రం పెండ్లిపిల్ల

తర్వాత కేసముద్రం వచ్చాను. అక్కడి మార్కెట్ యార్డు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మక్కజొన్న వచ్చే రోజుల్లో ట్రాక్టర్లు, లారీలు, కుప్పలు, ఆ కుప్పల మధ్య గొడవలు. ఒక మధ్యాహ్నం యార్డు హమాలీ ఒకాయన చెమటలు కక్కుతూ దవాఖానకు పరుగెత్తుకొచ్చాడు.

"డాక్టరమ్మా, జల్ది రా! పెండ్లిపిల్ల పడిపోయింది!"

"పెండ్లిపిల్ల పడిపోతే మనుషుల దవాఖానకు తీస్కపోవాలె గని, పశువుల దవాఖానకొస్తవేందయ్యా?" అన్నాను.

మా అటెండర్ ద్వాలి పక్క తండా మనిషి. లోపలినుంచి తొంగి చూసి, "మేడం, గుర్రం మేడం. దాని పేరే పెండ్లిపిల్ల" అంది.

వెళ్లి చూస్తే నిజంగానే గుర్రం. తెల్లటి ముసలి ఆడగుర్రం. ఒక కంటికి పువ్వు పడింది. తోకకు పాత గోరింటాకు రంగు, నుదుటి పట్టీకి తెగిపోయిన జరీ పోగులు. నోటి మూలల్లో కళ్లెం కోసిన పుండ్లు, పెరిగి పగిలిన గిట్టలు. పెళ్లి బరాత్‌లలో పెళ్లికొడుకును మోసి మోసి అరిగిపోయిన గుర్రమని చూడగానే తెలుస్తుంది. కొన్నాళ్ల కిందట ఎవరో యార్డులో వదిలేసి పోయారట. హమాలీలు పేరు పెట్టారు, నీళ్లు పెట్టారు. తిండి మాత్రం అది తానే చూసుకుంది. చుట్టూ మక్కల కుప్పలు ఉంటే దానికి ఇంకొకరు పెట్టాల్సిన అవసరమేముంది?

అదే దాని ప్రాణం మీదికి వచ్చింది. గుర్రానికి వాంతి రాదు. గింజలు ఎక్కువ తింటే లోపల ఉబ్బి, కడుపు మెలిపెట్టి నేలమీద పొర్లుతుంది. ముక్కులోంచి గొట్టం దింపి, నూనె పోసి, నొప్పికి సూది వేసి, హమాలీలతో లేపించి యార్డు చుట్టూ నడిపించాను. పొద్దు వాలేదాకా అదే పని. చివరికి అది లద్దె వేసింది. హమాలీలు ఈలలు వేశారు. లద్దె చూసి ప్రాణం లేచి రావడమేమిటో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఆ సంబురంలో పాలు పంచుకోని మనిషి ఒకరున్నారు. అడ్తి వ్యాపారి నర్సిరెడ్డి. ఊళ్లో భూములున్న మనిషి, యార్డులో మాట చెల్లే మనిషి. తన కుప్ప పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"బతికిచ్చినవా డాక్టరమ్మా? మంచిది. రేపు మల్ల నా మక్కలు తింటది, మల్ల పడ్తది, మల్ల బతికిస్తవు. గిట్ల ఎన్నొద్దులు?"

"దాన్ని ఎక్కడికన్న పంపిస్త పటేలా. జర ఓపిక పట్టు."

"పంపియ్యి. లేకుంటే పైకి నేను ఫిర్యాదు జేస్త."

ఆయన మాటలో కోపం ఉంది కానీ అబద్ధం లేదు. ఆ గిట్టలతో, ఆ పొట్టతో ఇంకొకసారి మక్కలు మింగితే అది లేవదు. కాబట్టి ఫోన్ తీశాను.

మొదటి సంస్థవాళ్లు తాము కుక్కలనూ పిల్లులనూ మాత్రమే చూస్తామన్నారు. రెండోది గోశాల. గుర్రం గోవు కాదని వాళ్లు నాకు ఓపికగా వివరించారు. మూడో ఫోన్ ఎత్తింది స్వాతి అనే అమ్మాయి. నగరం శివారులో ఒక షెల్టర్ నడిపే బృందంలో ఆమె ముఖ్యురాలు.

"మేడం, లొకేషన్ పెట్టండి. మూడు వైపుల నుంచి ఫొటోలు, ఒక వీడియో. వీడియోల ఆమె కళ్లు కనబడాలె."

"ఒక కన్ను పోయిందమ్మా."

"అయ్యో! అయితే ఆ కన్నే కనబడేటట్టు తీయండి మేడం."

తీశాను. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఫొటోగ్రాఫరు పని కూడా నేర్చుకున్నాను. స్వాతి చూసి, "చూస్తం మేడం, ఏదో ఒకటి చేస్తం" అంది. ఆ మాట నమ్మి నేను ఇంకెవరినీ అడగలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి పిల్లలూ. మా పనిలో నేను వాడిన మందులన్నిటికంటే ప్రమాదకరమైన మాట "చూస్తం."

చల్లని నీడ

ఒక ఆదివారం వాళ్లు కారులో వచ్చారు. అందరికీ ఒకే రకం టీషర్టులు. సంచీ నిండా క్యారెట్లు, ఒక బంతిపూల దండ. దండ ఎందుకని అడిగితే ఫ్రేములో బాగుంటుందన్నారు. పెండ్లిపిల్ల దండను కూడా తినేసింది. స్వాతి గుర్రం మెడ మీద తల పెట్టి ఏడ్చింది. అది నటన కాదు. నేను పక్కనే ఉన్నాను, ముక్కు ఎర్రబడి వెక్కిళ్లు వచ్చాయి పాపం. నాకూ మనసు కరిగింది.

ఏడుపు అయ్యాక, "షెల్టర్‌ల జాగ లేదు మేడం. అడాప్ట్ చేసుకునేటోళ్లను వెతుకుతం" అంది. దోమతెర ఒకటి, పుండ్లకు మందు ఒకటి ఇచ్చి వెళ్లిపోయారు.

రెండు రోజుల్లో వీడియో వచ్చింది. వెనుక వీణ సంగీతం. నేను గుర్రం కాలు పట్టుకుని గిట్ట చెక్కుతున్నాను. కింద పెద్ద అక్షరాలు: "కేసముద్రం పశువుల దవాఖాన: దిక్కులేని మూగజీవాలకు చల్లని నీడ."

ద్వాలి ఫోన్‌లో చూసి తెగ మురిసిపోయింది. "మేడం, నా చెయ్యి గూడ పడ్డది!" అంది. అలా మురిసింది ఆ ఒక్క పూటే.

మరునాడు గేటు ముందు అట్టపెట్టెలో కుక్కపిల్లలు. ఆ తర్వాత కుంటి దూడ. ఆ తర్వాత ఒక టర్కీ కోడి. ఎవరు తెచ్చారో తెలియదు కానీ, అది వచ్చిన గంటలోనే దవాఖాన తనదనుకుంది. ఇంజక్షన్ కోసం వచ్చిన రైతులను వెంటపడి తరిమేది. ద్వాలి దాన్ని లంబాడీలో తిట్టేది. తెలుగులో తిట్టవచ్చు కదా అంటే, "తెలుగుల తిడితే నాకు కడుపు నిండది మేడం" అనేది.

ఒకరోజు హన్మకొండ నుంచి కారులో భార్యాభర్తలు దిగారు. వెనుక సీట్లో బలిసిన లాబ్రడార్.

"ఫ్లాట్ మారుతున్నం మేడం. అక్కడ కుక్కలను రానియ్యరు. మీ వీడియో చూసి ఏడ్చినం" అంది ఆవిడ.

"ఏడ్చి దీన్ని తీసుకొచ్చిండ్రా?"

"మీరైతే కన్నబిడ్డలెక్క చూస్తరని. వానికి రాత్రిపూట ఏసీ అలవాటు. జర చూసుకోండి."

"నాక్కూడ అలవాటు చేసేటోళ్లు ఎవరన్న ఉన్నరా అమ్మా?" అని అడిగాను. ఆయన నవ్వాడు, ఆవిడ నవ్వలేదు. ఇక్కడ దిగబెట్టడానికి వీల్లేదని గట్టిగానే చెప్పాను. తలూపి కారెక్కారు. నేను ఒక మేక కడుపు చూసి తల ఎత్తేసరికి కారు లేదు, కుక్క ఉంది.

నర్సిరెడ్డి అన్నంత పనీ చేశాడు. జిల్లా కేంద్రం మానుకోట నుంచి మా పై అధికారి ఫోన్ వచ్చింది.

"ఏందమ్మా, దవాఖాననా, జూనా?"

"రెండూ కాదు సార్, రైల్వే స్టేషన్. కాకపోతే వచ్చేటోళ్లే గని పోయేటోళ్లు లేరు."

"పరాచికాలొద్దు. వెంటనే తరలించండి."

"ఎక్కడికి సార్?"

"అది మీరే చూసుకోవాలె."

ఆయనను నేను తప్పుపట్టను. "ఎక్కడికి" అన్న ప్రశ్నకు ఆయన దగ్గరే కాదు, ఎవరి దగ్గరా జవాబు లేదు. కాకపోతే జవాబు తెలియనివాళ్లలో ఆర్డరు వేసే అధికారం ఆయనకు ఉంది.

గేటు ముందు

స్వాతికి ఫోన్ చేసి వీడియో తీసేయమన్నాను. "మస్తు మందికి చేరింది మేడం, ఇప్పుడు తీసేస్తే ఎట్ల?" అంది. దాంతో నాకు కోపం నషాళానికి ఎక్కింది. ట్రాలీ ఆటో మాట్లాడి, లాబ్రడార్‌ను, కుక్కపిల్లల పెట్టెను, టర్కీని ఎక్కించాను. దూడ, గుర్రం పట్టవు కాబట్టి ఉండిపోయాయి. చల్లని నీడ ఎవరిదో వాళ్లకే అప్పగించి వద్దామని బయల్దేరాను. దారిపొడుగునా స్వాతికి ఏమనాలో మనసులో రిహార్సల్ వేసుకున్నాను. ఆలేరు దాటేసరికి మంచి ఉపన్యాసమే తయారైంది.

షెల్టర్ దగ్గరికి వెళ్లేసరికి గేటు ముందు ఒకాయన కుక్కను కరెంటు స్తంభానికి కట్టేస్తున్నాడు. ఎదురుగా స్వాతి నిలబడి ఉంది. జుట్టు రేగి ఉంది, చేతికి కట్టు ఉంది.

"అన్నా, కట్టెయ్యకు! లోపల నిలబడనీకి జాగ లేదు! ఏమనుకుంటున్రు మీరు, తెచ్చి గేటు ముంగట పడేసి పోతే మేమేం జెయ్యాలె?"

ఆయన ముడి బిగించి, బండి ఎక్కి వెళ్లిపోయాడు. స్వాతి ఇటు తిరిగింది. ఆటో చూసింది, పెట్టె చూసింది, నన్ను చూసింది.

"మీరు గూడనా మేడం?"

దారంతా తయారుచేసుకున్న ఉపన్యాసంలో ఒక్క మాట కూడా బయటికి రాలేదు. ఆమె అరిచిన మాటలే నా ఉపన్యాసం.

లోపలికి వెళ్లాను. మూడు రేకుల షెడ్లు. పట్టవలసిన దానికంటే ఎన్నో రెట్లు కుక్కలు. మూడు కాళ్లవి, చూపు లేనివి, వెన్ను విరిగి చక్రాల బండి మీద ఈడ్చుకునేవి. పనివాళ్లు ఇద్దరే. స్వాతి వారమంతా ఒక కంపెనీలో ఉద్యోగం చేసి మిగతా సమయం ఇక్కడ ఊడుస్తుందట. ఒక మూల గదిలో కుక్కపిల్లలు రక్తవిరేచనాలతో పడి ఉన్నాయి. అంటురోగం పార్వో అని వాసనను బట్టే తెలిసింది. నేను తెచ్చిన పిల్లలను అక్కడ దించితే చంపినట్టే. చీర కొంగు దోపుకుని, సూదులు తెప్పించి, సెలైన్లు పెట్టడం మొదలుపెట్టాను. పని మధ్యలో, ఒక పిల్ల కాలు పట్టుకుని ఉండగా, స్వాతితో అన్నాను:

"జాగ లేదని ఆనాడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"లేదంటే తిడతరు మేడం. జంతుప్రేమికులమని చెప్పుకుంటరు, ఇంత కుక్కపిల్లను తీసుకోలేరా అంటరు. అందుకే చూస్తమంటం. చూస్తమంటే ఫోన్ పెట్టేస్తరు."

"నువ్వు చూస్తమన్నవని నేను ఇంకో దిక్కు అడగలేదు. ఆ గుర్రం మక్కల పక్కనే నిలబడి ఉన్నది. లేదని చెప్పుంటే ఆ పొద్దే నేను వేరే తొవ్వ చూసుకుందును."

ఆమె సెలైన్ బాటిల్ ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకుంది. "వీడియో తీసేస్త మేడం" అంది.

"తీసేస్తే చాలదు. ఇంకోటి పెట్టు. ఇక్కడా జాగ లేదు, అక్కడా జాగ లేదు, మీ కుక్కను మీరే సాదుకోండ్రి అని పెట్టు."

"అట్లాంటివి ఎవ్వరు చూడరు మేడం."

"చూడకుంటే మంచిదే. చూసినోళ్లే గద తెచ్చి దింపుతున్నరు!"

ఆ రోజు అక్కడ నవ్వింది మేమిద్దరమే.

ఎక్కించుకుపోయిన సరుకంతా తిరిగి ఎక్కించుకుని కేసముద్రం వచ్చాను. ద్వాలి గేటు తీసి, టర్కీని చూసి, "ఇది గూడ వాపసొచ్చిందా?" అని తల పట్టుకుంది.

చెప్పినట్టే స్వాతి రెండో వీడియో పెట్టింది. అందులో నేను వీణ సంగీతం లేకుండా, నవ్వకుండా, "ఇది వైద్యం చేసే చోటు, వదిలేసే చోటు కాదు" అన్నాను. దయలేని డాక్టరని జనం కింద రాశారు. కానీ గేటు ముందు పెట్టెలు ఆగాయి. ఉన్నవాటికి మేమే ఇళ్లు వెతికాం. లాబ్రడార్‌ను స్టేషన్ దగ్గర చాయ్ కొట్టు ఆయన తీసుకున్నాడు. ఏసీ లేదు, బిస్కట్లు ఉన్నాయి, దానికేమీ లోటు కనబడలేదు. కుక్కపిల్లలను హమాలీలు పంచుకున్నారు. దూడ పాత దూడలాగే ఒక రైతు బండికి చేరింది. టర్కీని ద్వాలి తిడుతూనే తండాకు తీసుకుపోయింది. కొన్నాళ్లకు ఎట్లా ఉందని అడిగితే "మంచిగనే ఉండె మేడం" అంది. ఆ జవాబు రెండు రకాలుగా అర్థమవుతుంది. నేను ఇంకేమీ అడగలేదు.

మిగిలింది పెండ్లిపిల్ల.

గుర్రం మనిషి

నా మందులకు, హమాలీలు తెచ్చే పచ్చిగడ్డికి గుర్రం కాస్త ఒళ్లు చేసింది. పుండ్లు మానాయి. గిట్టలు మాత్రం లోపల దెబ్బతిన్నాయి, మెత్తటి నేల మీద తప్ప నడవలేదు. దవాఖాన వెనుక కట్టేస్తే తాడు తెంపుకుని యార్డుకే పోయేది. నర్సిరెడ్డి ప్రతిసారీ తానే తోలుకొచ్చి, "ఇగో డాక్టరమ్మా, నీ బిడ్డ" అని అప్పజెప్పి పోయేవాడు.

అలాంటి రోజుల్లో స్వాతి సంతోషంతో ఫోన్ చేసింది.

"మేడం, ఆమె ఓనర్ దొరికిండు! వీడియో చూసి ఆయనే ఫోన్ చేసిండు. తీసుకపోతడట. మేం గూడ వస్తం, ఇద్దరూ కలిసేటప్పుడు షూట్ చేస్తం."

నాకు మనసులో ఏదో గుచ్చుకుంది. అయినా రమ్మన్నాను. వదిలేసిన మనిషి తిరిగి రావడం నా సర్వీసులో అంతకుముందు చూడలేదు.

వచ్చినాయన పేరు సత్తయ్య. సన్నగా, వంగిపోయి ఉన్నాడు. యార్డులో అడుగుపెట్టి నోటితో చిన్న శబ్దం చేశాడో లేదో, గుర్రం చెవులు నిక్కబొడుచుకుని, చూపున్న కన్ను అటు తిప్పి, కుంటుకుంటూ ఎదురువెళ్లింది. ఆయన ఛాతీకి నుదురు ఆనించింది. హమాలీలు మూటలు దించి చూశారు. స్వాతి కళ్లు తుడుచుకుంటూ ఫోన్ పైకి పట్టుకుంది.

"ఎందుకిడిసిపెట్టినవన్నా?" అని అడిగాను.

"ఏం జెయ్యాలె డాక్టరమ్మా? పెండ్లిళ్లకు అందరు కార్లనే అడుగుతున్రు. దానికి పెట్టనీకి నా కాడ లేదు. ఈడనైతే మక్కలుంటయి, ఉపాసముండదని తెచ్చి ఇడిసిన."

మక్కలు పెట్టి చంపబోయింది ప్రేమతోనే. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

"మరి ఇప్పుడేం పెడ్తవు?"

"ఇప్పుడు మంచిగైంది గద. మాఘంల మూర్తాలున్నయి. మా దిక్కు పల్లెల్ల ఇంక గుర్రమే అడుగుతరు. చూడుండ్రి, ఎట్ల ఆడుతదో."

ఆపేలోపే ఈల వేశాడు. బరాత్‌లో బ్యాండు మొదలయ్యే ముందు వేసే ఈల కాబోలు. పెండ్లిపిల్ల ముందరి కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తసాగింది. సిమెంటు నేల మీద గిట్ట ఆనిన ప్రతిసారీ దాని ఒళ్లంతా వణికింది. అయినా ఆపలేదు. ఆయన ముఖంలోకి చూస్తూ ఎత్తుతూనే ఉంది.

"ఆపన్నా!"

అరిచింది నేను కాదు, స్వాతి. ఫోన్ కిందికి దించేసింది. వీడియో ఆగిందో లేదో కూడా చూసుకోలేదు.

"ఇయ్యం అన్నా. ఈమెను మీకు ఇయ్యం."

"నా గుర్రం బిడ్డా అది."

"మీదే. కానీ ఇయ్యం. ఆమె నడవలేదు, మీరు నడిపియ్యకుండ ఉండలేరు."

అది ఆ పిల్ల నోటివెంట నేను విన్న మొదటి "లేదు." నేను పక్కన నిలబడి, ఈ గుర్రం పనికి పనికిరాదని డాక్టరుగా చెబుతున్నానని, మళ్లీ పెళ్లిళ్లలో కనబడితే ఠాణాకు వెళ్లేది నేనేనని చెప్పాను. సత్తయ్య గొడవ పడలేదు. గుర్రం మెడ నిమురుతూ, "మరి యాడుంటది?" అన్నాడు.

మళ్లీ అదే ప్రశ్న. ఈసారి స్వాతి చూస్తమని అనలేదు.

అప్పుడు కుప్ప పక్కనుంచి నర్సిరెడ్డి ముందుకొచ్చాడు. ఇంతసేపూ ఆయన అక్కడే ఉన్నాడని మేం గమనించనే లేదు.

"మా మామిడితోటల కట్టేయుండ్రి. మెత్తటి నేల, గడ్డి ఉన్నది. మక్కలు లెవ్వు."

"నువ్వా పటేలా? ఫిర్యాదు జేసింది నువ్వే గద!"

"చేసిన. మల్ల చేస్త. ఇది యార్డుల ఉండొద్దన్న గని, సావాలన్ననా?" తర్వాత స్వాతి వైపు తిరిగి, "బిడ్డా, ఒక్కటే షరతు. నా తోటల ఫోటువలు దియ్యొద్దు. ఇది సూసి ఇంకెవలన్న ఇంకోటి తెచ్చిడుస్తరు" అన్నాడు.

స్వాతి ఫోన్ సంచిలో పెట్టేసింది. సత్తయ్య మెల్లగా, "నేను అప్పుడప్పుడు వచ్చి సూడొచ్చా పటేలా?" అని అడిగాడు.

"రా. గని ఈల ఎయ్యకు."

ఘనపూర్, ఆ తర్వాత

చివరి పోస్టింగు ఘనపూర్. భూపాలపల్లి వైపు ఆ ఊళ్లలో కుక్కల గొడవ ఎక్కువైనప్పుడు స్వాతికి ఫోన్ చేసి, "తీసుకపోవడానికి కాదు, ఆపరేషన్లకు రండి" అన్నాను. సర్జన్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. పట్టడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం, రేబిస్ టీకా వేయడం, పుండు మానాక పట్టిన వాడలోనే వదలడం. కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పేది ఇదే: సంస్థలను ఆశ్రయం అడగకండి, పని అడగండి. ఆశ్రయమంటే మొహమాటపడతారు, పనంటే పరుగెత్తుకొస్తారు. ఊరి పెద్ద ఒకాయన "అన్నిటిని మీ షెల్టర్‌కే పట్టుకపోరాదుండ్రి?" అన్నప్పుడు, స్వాతి కుట్లు చూస్తూ తల కూడా ఎత్తకుండా, "లేదు సార్, జాగ లేదు" అంది. ఆయన తిట్టాడు. ఆమె ఇంకో కుక్కను బల్ల మీదికి ఎత్తింది.

నేను రిటైరై జనగామ వచ్చాక నర్సిరెడ్డి నుంచి ఒకసారి ఫోన్ వచ్చింది. పెండ్లిపిల్ల పోయిందన్నాడు. బాధ లేకుండా, నీడలో పడుకుని, తెల్లారేసరికి లేవలేదట. తోటలోనే గుంత తీయించాడట. సత్తయ్యకు కబురు పంపితే వచ్చి, మట్టి వేసి, కాసేపు కూర్చుని పోయాడట. ఆయన ఇవన్నీ ధాన్యం తూకం చెప్పినట్టు చెప్పాడు. ఫోన్ మాత్రం పెట్టలేదు.

"డాక్టరమ్మా, తోట ఊకెనే ఉన్నది."

"ఊ."

"పొద్దుగాల పోతే ఏమో లేనట్టున్నది. నీ కాడ ఇంకేమన్న ఉన్నయా?"

నేను రిటైరయ్యానని, నా దగ్గర ఏమీ లేవని చెప్పి స్వాతి నంబరు ఇచ్చాను. కాసేపటికి ఆ పిల్ల దగ్గరనుంచి ఫోన్. వెనుక కుక్కల అరుపులు, ఆమె గొంతు సరిగ్గా వినబడలేదు.

"మేడం, రెడ్డి సార్ ఫోన్ చేసిండు. మీ కాడ జంతువులు ఏమన్న ఉన్నయా, నాకు కావాలె అంటున్నడు. ఇన్నేండ్లల మమ్మల్ని అట్ల అడిగినోళ్లే లేరు. నాకేం చెప్పాలెనో సమజైత లేదు మేడం."

"ఏం చెప్పినవు?"

"చూస్తమన్న."

"స్వాతీ!"

"నోట్లకెల్లి అదే వచ్చింది మేడం! మల్ల చేస్తున్న, ఇప్పుడే చేస్తున్న!" అని ఫోన్ పెట్టేసింది.